స్టాఫ్ బి

జనవరి 19, సోమవారం

ఐదు సెమిస్టర్లు నందిగామలో రిటైల్ మేనేజ్‌మెంట్ చదివి, ఆరో సెమిస్టర్‌కి జగ్గయ్యపేటలో సబ్బులు సర్దడానికి వచ్చాను. దీన్ని ఇంటర్న్‌షిప్ అంటారు.

కాలేజీ వాళ్ళు ఒక లాగ్‌బుక్ ఇచ్చారు. అందులో రోజుకో గడి. ‘ఈరోజు ఏమి నేర్చుకున్నారు?’ స్టోర్ లేఅవుట్‌ను అర్థం చేసుకున్నానని ఇంగ్లీషులో రాసి సంతకం చేయించుకున్నాను. నిజంగా నేర్చుకున్నది ఏమిటంటే, కళ్ళు తెరుచుకుని నిలబడి కూడా నిద్రపోవచ్చు. అది ఆ గడిలో రాస్తే సంతకం పడదు. అందుకే ఇంట్లో పడున్న ఈ పాత నోట్సు తీశాను. దీనికి ఎవరి సంతకమూ అక్కర్లేదు.

నిత్యశోభ సూపర్ బజార్‌కి మేనేజర్ క్రాంతికుమార్ గారు. ముప్పై రెండేళ్ళుంటాయి. షాపు టీషర్టు మీద టై కట్టుకుంటారు. హైదరాబాద్‌లో ఏదో మాల్‌లో రెండేళ్ళు చేశారట. ప్రతి మూడో మాటా ‘మాల్‌లో అయితే’ అని మొదలవుతుంది. నన్నూ బెన్నినీ (నా క్లాస్‌మేట్, పొద్దున బస్సులో కిటికీ సీటు లాక్కున్న వెధవ) నిలబెట్టి రూల్స్ చెప్పారు.

“ఆనుకోకూడదు. చేతులు కట్టుకోకూడదు. కూర్చోకూడదు. కస్టమర్‌కి కూర్చున్న స్టాఫ్ కనపడితే బ్రాండ్ పడిపోద్ది.”

“కస్టమర్ లేనప్పుడు సార్?” అన్నాడు బెన్ని.

“లేడని నీకెట్టా తెలుసు? ఎప్పుడైనా రావచ్చు.”

మా అమ్మ దేవుడి గురించి కూడా ఇంత నమ్మకంగా చెప్పదు.

నా బ్యాడ్జీ మీద ఆసిఫా బదులు ‘ఆసియా’ అని అచ్చు పడింది. మార్చమంటే వచ్చే నెలలో చూద్దామన్నారు. అప్పటిదాకా ఒక ఖండాన్ని గుండె మీద మోయాలి.

జనవరి 22

ప్రొవిజన్స్‌లో వేశారు. అంటే పప్పులు, బియ్యం, మసాలాలు. ఆ సెక్షన్ మొత్తానికి స్టాఫ్ ఒక్కరే, రత్తమ్మ గారు. యాభై దాటిన మనిషి. వత్సవాయి నుంచి రోజూ ఆటోలో వస్తుంది. ఈ షాపు ఒక్క షట్టరు కొట్టుగా ఉన్నప్పటి నుంచి ఉందట, పన్నెండేళ్ళు.

ఒకావిడ వచ్చి పులిహోరకి బియ్యం కావాలంది.

“గుళ్ళోకా, ఇంట్లోకా?” అని అడిగింది రత్తమ్మ గారు.

“తేడా ఏంటి?”

“గుళ్ళోకైతే పొద్దున వండింది సాయంత్రం దాకా పొడిపొడిగా ఉండాలి. ఈ పాతవి పట్టుకెళ్ళండి. ఇంట్లోకైతే ఇయ్యి చాలు. మీ ఆయన అప్పుడే తినేస్తాడు.”

ఆవిడ నవ్వుకుంటూ రెండు రకాలూ తీసుకెళ్ళింది. మార్కెటింగ్‌లో దీన్ని కన్సల్టేటివ్ సెల్లింగ్ అంటారని రత్తమ్మ గారికి చెప్పాను.

“అట్టాగా. నేను పులిహోర అనుకుంటన్నా” అంది.

జనవరి 30

కాళ్ళు.

ఫిబ్రవరి 5

ఓనరు వీరరాఘవయ్య గారు వచ్చారు. ఆయన వస్తేనే ఏసీ వేస్తారు కాబట్టి అందరికీ ఆయనంటే అభిమానం. జూన్‌లో నందిగామలో కొత్త బ్రాంచి తెరుస్తారట. మా ఇద్దరిలో ఎవరి ప్రాజెక్టు బాగుంటే వాళ్ళకి అక్కడ ఫ్లోర్ సూపర్‌వైజర్ ఉద్యోగం.

నందిగామలో! మా ఇంటి నుంచి నడిచి ఐదు నిమిషాలు. ఇంటికొచ్చి చెప్పాను. సాయంత్రానికి అమ్మ మూడిళ్ళలో చెప్పేసింది. నాన్న మాత్రం, “సూపర్‌వైజర్ అంటే నిలబడాలా, కూర్చోవాలా?” అని అడిగాడు. ఇరవై ఏళ్ళుగా ఆటో సీటు మీద కూర్చునే మనిషికి అదే పెద్ద తేడా.

బెన్ని టాపిక్: బిస్కెట్లు ఏ అరలో పెడితే పిల్లలు ఏడుస్తారు. నాది క్రాంతికుమార్ గారు ఇచ్చారు. ‘సిబ్బంది పని సమయ వినియోగం’. ఎవరు ఎంతసేపు పని చేస్తున్నారు, ఎంతసేపు ఖాళీగా ఉంటున్నారు అని చూసి పట్టిక వేయాలి.

“బిస్కెట్ల కంటే నీది వెయిటున్న టాపిక్. ఓనరుగారికి ఇట్టాంటియ్యి ఇష్టం” అన్నారు. నాకూ ఇష్టం పుట్టింది.

ఫిబ్రవరి 19, గురువారం

రంజాన్ మొదటి ఒక్కపొద్దు. మంచినీళ్ళు లేకుండా పది గంటల పాటు రెండొందల మందికి నవ్వాను. సాయంత్రం ఆరింటికి మమ్మల్ని వదులుతారు. చిల్లకల్లు దాటాక బస్సులోనే ఖర్జూరం తిని విడిచాను. బెన్ని నీళ్ళ సీసా పట్టుకుని ఫోన్‌లో టైము చూస్తూ, “ఇంకా రెండు నిమిషాలు, ఇంకా ఒకటి” అని రాకెట్ వదులుతున్నట్టు చెప్పాడు. ఈరోజు కిటికీ సీటు కూడా ఇచ్చాడు. పండగయ్యేదాకా ఇస్తాడట.

ఫిబ్రవరి 23

పదకొండున్నరకి కందిపప్పు ప్యాకెట్లు ముందుకి జరుపుతుంటే అరలన్నీ పక్కకి వాలాయి. వాలింది నేనట. రత్తమ్మ గారు జబ్బ పట్టుకుని బియ్యం బస్తాల వెనక్కి లాక్కెళ్ళింది. అక్కడ బస్తాలు గోడకి ఆనించకుండా మూరెడు ఖాళీ వదిలి పేర్చి ఉన్నాయి. లోపల ఒక బస్తా విడిగా పడుకోబెట్టి ఉంది. కూర్చోబెట్టింది. నెల రోజుల తర్వాత ఆ షాపులో మొదటిసారి కూర్చున్నాను. నా మోకాళ్ళు నావే అని గుర్తుకొచ్చింది.

“ఒక్కపొద్దున్నానని ఆ టై ఆయనకి చెప్పొచ్చు కదే?”

“చెప్పాను పిన్నీ. మాల్‌లో అయితే ఒక్కపొద్దులోనూ డబుల్ డ్యూటీ చేసేవాళ్ళంట.”

“మాల్ తగలెయ్యా.”

పైన దొంగల కోసం పెట్టిన గుండ్రటి అద్దం ఉంది. అందులో దారి మొత్తం కనిపిస్తుంది. కస్టమర్ వస్తున్నా, టై వస్తున్నా ముందే తెలుస్తుంది.

“ఇది నా ఆఫీసు. పొద్దునోసారి, మధ్యాహ్నమోసారి, సాయంత్రమోసారి. పదిహేనేసి నిమిషాలు. మోకాళ్ళకి డాక్టరు రాసిచ్చిన మాత్రలు పన్జెయ్యలా, ఈ మందు పన్జేస్తంది. నువ్వు కూడా వాడుకో” అంది.

ఈరోజు నుంచి రోజుకి రెండుసార్లు వాడుకుంటాను.

ఫిబ్రవరి 26

ప్రాజెక్టు పట్టిక వేశాను. ఖాళీ సమయం అనే గడిలో అందరికీ సున్నాలు. క్రాంతికుమార్ గారు చూసి, “ఇదేంటి, మనుషులా, స్తంభాలా? డేటా లేకపోతే ప్రాజెక్టే లేదు. బెన్ని నలభై ఫొటోలు పెట్టాడు” అన్నారు.

బిస్కెట్ల ఫొటోలు.

ఫిబ్రవరి 28

పట్టిక పూర్తయింది. స్టాఫ్ ఎ, బిల్లింగ్. స్టాఫ్ బి, ప్రొవిజన్స్. స్టాఫ్ సి, గృహోపకరణాలు. స్టాఫ్ బి గడిలో: రోజుకి మూడుసార్లు, పదిహేనేసి నిమిషాలు, బియ్యం నిల్వ వెనుక భాగాన విశ్రాంతి.

ఎవరి పేరూ రాయలేదు. సర్వేలో మనుషుల పేర్లు రాయకూడదని కృష్ణప్రియ మేడమ్ మూడో సెమిస్టర్‌లోనే చెప్పారు. కాబట్టి పద్ధతి ప్రకారమే చేశాను.

నేను కూర్చున్నవి రాయలేదు. ఇంటర్న్‌లు స్టాఫ్ కిందికి రారు.

మార్చి 2

ఇచ్చేశాను. “ఎక్స్‌లెంట్!” అన్నారు. రెండుసార్లు.

మార్చి 3

రత్తమ్మ గారు రాలేదు. జ్వరమేమో. ఎండలు మొదలయ్యాయి కదా.

మార్చి 5

ఈరోజూ రాలేదు. బియ్యం బస్తాలన్నీ గోడకి ఆనించి పేర్చారు. జ్వరాలు బాగా ఉన్నాయి ఊళ్ళో.

మార్చి 6

బస్సులో బెన్ని అడిగాడు.

“రత్తమ్మ గారిని తీసేశారంట. నీ రిపోర్టులో స్టాఫ్ బి ఎవరు?”

“ఎవరో ఒకరు. పేర్లు రాయలేదు.”

“ప్రొవిజన్స్‌లో ఎంతమంది ఉన్నారు?”

నేను కిటికీలోంచి చూశాను. చిల్లకల్లు వచ్చింది. టోల్‌గేట్ దగ్గర లారీలు లెక్కపెట్టాను. ఇరవై మూడు.

మార్చి 7

స్థిరంగా ఆలోచించాలి.

ఒకటి, పేరు రాయలేదు. రెండు, రాసింది అబద్ధం కాదు. ఆవిడ కూర్చునేది నిజం. నిజం రాయమనే కదా చదువు చెప్పేది. మూడు, తీసేసింది నేను కాదు, మేనేజర్. నేను ఇంటర్న్‌ని, నాకు నా బ్యాడ్జీ మీద పేరు మార్పించుకునే అధికారం కూడా లేదు. నాలుగు, ఆవిడ మోకాళ్ళకి అసలు ఆ ఉద్యోగం మంచిది కాదు. ఒక రకంగా నేను ఆవిడకి విశ్రాంతి ఇప్పించాను.

ఈ చివరి వాక్యం కొట్టేశాను. కొట్టేశాక ఇంకా బాగా కనిపిస్తోంది.

పేరు రాయలేదు.

మార్చి 9, సోమవారం

ప్రొవిజన్స్ ఇప్పుడు నాదే. పొద్దుటి నుంచి “రత్తమ్మ ఏది?” అని పద్నాలుగు మంది అడిగారు. సెలవులో ఉన్నారని చెప్పమన్నారు, చెప్పాను.

మధ్యాహ్నం పెనుగంచిప్రోలు నుంచి ఒకావిడ స్టీలు గిన్నె పట్టుకొచ్చింది. శనివారం నేనే ఆవిడకి పులిహోర బియ్యం ఇచ్చానట. మూత తీసింది. పసుపురంగు గోడ సున్నంలా ఉంది.

“వ్రతానికొచ్చిన వాళ్ళకి దీన్ని గరిటెతో కోసి పెట్టా. ఏం బియ్యం ఇచ్చావమ్మాయ్? తిని చూడు.”

“నేను ఒక్కపొద్దండీ.”

“అదృష్టవంతురాలివి” అని మూత పెట్టేసింది. వెళ్తూ, “ఆ పెద్దావిడ వచ్చినాకే వస్తా” అంది.

గుళ్ళోకా, ఇంట్లోకా అని అడగాలని నాకు తెలుసు. అడిగాను కూడా. ఆవిడ జవాబు చెప్పాక ఏ బస్తా చూపించాలో తెలియలేదు.

మార్చి 11, బుధవారం

షాపుకి సెలవు. పనుందని అమ్మకి చెప్పి వత్సవాయి వెళ్ళాను. అమ్మకి ఇంకేమీ చెప్పలేదు.

రత్తమ్మ గారి ఇంటికి తాళం. పక్కింటావిడ ఊరి చివర మిరపకాయల కల్లంలో ఉందని చెప్పింది. టార్పాలిన్ పందిరి కింద పదిమంది ఆడవాళ్ళు ముక్కులకి కొంగులు చుట్టుకుని తొడిమలు తీస్తున్నారు. కళ్ళు తప్ప ఏమీ కనిపించడం లేదు. అయినా ఆవిడే నన్ను పోల్చుకుంది.

“రా, కూర్చో. ఇక్కడ ఎవరూ ఏమనరు. రోజంతా కూర్చునే పనే. తుమ్ములొక్కటే.”

నేను తుమ్మాను. కూర్చున్నాను. బస్సులో మొత్తం తయారు చేసుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

“పిన్నీ, ఆ రిపోర్టు…”

“తెలుసు. నన్ను నిలబెట్టి చదివాడు. నాకు ఇంగ్లీషు రాదని ఆయనే తెలుగులో కూడా చెప్పాడు, మంచోడు. మూడుసార్లు, పదిహేనేసి నిమిషాలు, బస్తాల ఎనక. ఎక్కడో విన్న మాటలాగా ఉందే అనుకున్నా. నేను నీకు చెప్పిందే.”

“నేను పేరు రాయలేదు పిన్నీ.”

ఆవిడ చేతిలో కాయ ఆగింది.

“అదేనే నాకు కాలింది. పన్నెండేళ్ళు చేశా. ఆ షాపులో నా పేరు ఎక్కడన్నా ఉందా? హాజరు మిషన్లో నెంబరు. జీతం కవరు మీద నెంబరు. నువ్వొచ్చి నాతో తిరిగి, నా పక్కన కూర్చుని, నన్ను ‘బి’ అన్నావంట. తిట్టేదేదో పేరు పెట్టి తిట్టొచ్చు కదే?”

పక్కనున్న వాళ్ళందరూ తొడిమలు తీయడం మానేసి నన్ను చూశారు. ఇరవై కళ్ళు.

“నువ్వు కూర్చున్నది రాశావా?”

తల అడ్డంగా ఊపాను.

“సరే. ఏడవమాక. నా చేతులకి కారం, తుడవలేను.”

నేనేమీ ఏడవలేదు. మిరపకాయలు.

ఒక గంట కూర్చుని తొడిమలు తీశాను. ఇంటికొచ్చి ముఖం కడుక్కుంటుంటే కళ్ళలో మంట. నాలుగుసార్లు కడిగాను.

మార్చి 12

స్టాఫ్ బి గడిలో కూర్చున్నవాళ్ళు ఇద్దరు. ఒకరు నేను. ఏడవ తేదీన రాసిన ఒకటి, రెండు, మూడు, నాలుగు మళ్ళీ చదివాను. చదవబుద్ధి కాలేదు, చదివాను.

సోమవారం ప్రాజెక్టు ప్రెజెంటేషన్. అక్కడ ఏం చేయబోతున్నానో బెన్నికి చెప్పాను.

“ఉద్యోగం పోద్ది నీకు” అన్నాడు.

“వస్తే నీకే కదా.”

“అవుననుకో” అని కాసేపు ఆలోచించి, “కుర్చీలు నేను మోస్తా. నీకు ఒక్కపొద్దు” అన్నాడు.

మార్చి 16, సోమవారం

అంతా పొల్లుపోకుండా రాయాలి.

షాపు పైన మీటింగ్ గది. ఉన్న ఐదు కుర్చీలనూ బెన్ని పదింటికే డాబా మీదికి చేర్చాడు. వీరరాఘవయ్య గారు, క్రాంతికుమార్ గారు, కాలేజీ నుంచి కృష్ణప్రియ మేడమ్ వచ్చారు.

“కుర్చీలేవి?” అన్నారు క్రాంతికుమార్ గారు.

“ప్రాక్టికల్ సార్. నా టాపిక్ నిలబడి పనిచేసేవాళ్ళ గురించి. ఇరవై నిమిషాలు అందరం నిలబడి విందాం.”

“మాల్‌లో అయితే…” అని ఆగిపోయారు. మాల్‌లో ఇలాంటిది జరిగి ఉండదు.

ఓనరుగారు సరదాగా నవ్వి, “కానీవమ్మా” అన్నారు. డెబ్బైకి దగ్గరగా ఉంటారు.

నేను మొదలుపెట్టాను. ముందు ప్రాజెక్టు లక్ష్యాలు. నాలుగో నిమిషంలో ఓనరుగారు గోడకి చెయ్యి ఆనించారు. నేను లక్ష్యాలు మళ్ళీ చెప్పాను. ఆరో నిమిషంలో మేడమ్ ఎత్తు మడమల చెప్పులు విప్పేశారు. నేను రిటైల్ రంగం చరిత్ర చెప్పాను. తొమ్మిదో నిమిషంలో ఓనరుగారు అన్నారు, “ఒక కుర్చీ తెప్పియ్యి క్రాంతీ.”

క్రాంతికుమార్ గారు డాబా మెట్ల మీద పరిగెత్తారు. కుర్చీ వచ్చింది. ఓనరుగారు కూర్చుని, అమ్మయ్య అన్నారు.

“సార్, తొమ్మిది నిమిషాలు” అన్నాను. “కింద మీ స్టాఫ్ పది గంటలు నిలబడతారండీ.”

 బెన్ని చెమట తుడుచుకోవడం వినిపించింది.

తర్వాత పట్టిక చూపించాను. స్టాఫ్ బి అన్నచోట ‘రత్తమ్మ, ప్రొవిజన్స్, పన్నెండేళ్ళ అనుభవం’ అని పెద్ద అక్షరాలతో మార్చాను. దాని కింద ఇంకో వరస. ‘ఆసిఫా, ఇంటర్న్. రోజుకి రెండుసార్లు, అదే చోట.’

“నా రిపోర్టు తప్పండీ. నేను కూర్చున్నది దాచి ఆవిడ కూర్చున్నది రాశాను. నందిగామ ఉద్యోగం కోసం రాశాను. ఆవిడ వెళ్ళాక ప్రొవిజన్స్‌లో రోజుకి పదిమందైనా ఆవిడ కోసం అడిగి వెళ్ళిపోతున్నారు. ఒకావిడ నేనిచ్చిన బియ్యంతో వండిన పులిహోర గిన్నెతో సహా తెచ్చి చూపించింది. గంటకి ఐదు నిమిషాలు కూర్చోనిస్తే ఏ బ్రాండూ పడిపోదండీ.”

 

“స్టూళ్ళేస్తే అందరూ కూర్చుండిపోతారు” అన్నారు ఓనరుగారు.

“కస్టమర్ వస్తే లేస్తారండీ. మీరు కొట్టు పెట్టినప్పుడు నిలబడే అమ్మారా?”

“గోనె సంచి మీద కూర్చుని అమ్మా.”

“కస్టమర్ వస్తే లేచేవాళ్ళు కదండీ?”

ఆయన కాసేపు ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు.

“లేదమ్మా. కూర్చునే అరిచేవాణ్ణి. ఏం కావాలి అని.”

కృష్ణప్రియ మేడమ్ పక్కకి తిరిగి దగ్గారు. అది నవ్వని నాకు తెలుసు. ఓనరుగారు లేచి మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఏసీ కూడా ఆపేశారు.

మార్చి 17

ఎవరూ ఏమీ అనలేదు. క్రాంతికుమార్ గారు నాతో మాట్లాడాల్సినవన్నీ బెన్నితో చెప్పిస్తున్నారు. నేను రెండడుగుల దూరంలోనే ఉంటాను.

మార్చి 18, బుధవారం

సెలవైనా పిలిచారు. నా గ్రేడ్ షీటు ఇచ్చారు. ‘వైఖరి: ఐదుకి రెండు.’ నందిగామ ఉద్యోగం బెన్నికి.

తెలిసే చేశాను కదా అనుకున్నాను. అయినా బెన్ని ముఖం చూడలేకపోయాను. వాడి బిస్కెట్ల ప్రాజెక్టు నిజంగా బాగుంది. అదే ఇంకా మంట.

వెళ్తుంటే క్రాంతికుమార్ గారు ఆపారు. ఎవరూ లేరని చూసుకుని ప్యాంటు మోకాలి దాకా ఎత్తారు. పిక్కల మీద నీలం నరాలు తాళ్ళలా ఉబ్బి, పైన బిగుతు మేజోడు.

“మాల్‌లో రెండేళ్ళకి వచ్చిందిది. నాకెవరూ స్టూలెయ్యలా” అన్నారు.

“మరి మీరు వెయ్యొచ్చు కదా సార్?”

ఆయన ప్యాంటు దించుకుని, “నాలుగు స్టూళ్ళు ఆర్డరిచ్చారు ఓనరుగారు. గంటకి ఐదు నిమిషాలు. టైము నేను చూస్తా” అన్నారు. చూస్తారు, నాకు నమ్మకమే.

రత్తమ్మ గారికి ఓనరుగారే ఫోన్ చేశారట. ఆవిడ వెంటనే రానందట. శనివారం దాకా కాయలున్నాయి, మధ్యలో వదిలిపెట్టి రాను అందట. పైగా బ్యాడ్జీ మీద పూర్తి పేరు వెయ్యమందట.

మార్చి 21, శనివారం

పండగ. బెన్ని వచ్చి మూడు గిన్నెల షీర్‌ఖుర్మా తాగాడు. “నా మీద కోపమా?” అన్నాడు. “ఉంది” అన్నాను. “ఎన్నాళ్ళు?” అన్నాడు. “చూద్దాం” అంటే నాలుగో గిన్నె అడిగాడు.

ఉద్యోగం పోయిందని అమ్మకి చెప్పాల్సి వచ్చింది. ఎందుకని అడిగితే, ఎవరినో అన్యాయంగా తీసేస్తే మాట్లాడానని చెప్పాను. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నా నుదుట ముద్దు పెట్టుకుంది. మధ్యాహ్నానికి మూడిళ్ళలో చెప్పేసింది. మిగతా సగం చెప్పడం పండగపూట బాగుండదు.

మార్చి 23

రత్తమ్మ గారు వచ్చింది. ముక్కు ఇంకా ఎర్రగా ఉంది. కొత్త స్టూలుని చుట్టూ తిరిగి చూసి, “ఇదేంటే, పిల్లల బల్లలాగా ఉంది” అంది. నాతో ఆ ఒక్క మాటే. తర్వాత రోజంతా పని తప్ప మాట లేదు. మధ్యాహ్నం ఎవరో పాయసానికి బియ్యం అడిగితే, నన్ను పిలిచి బస్తాలో చెయ్యి పెట్టించి గింజ పట్టుకుని చూడమంది. పాతది వేళ్ళకి అంటదు, కొత్తది పిండిలా అంటుతుంది. అంతే సంగతి. ఇది ఏ సెమిస్టర్‌లోనూ లేదు.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసి ఆవిడకి ఇమ్మంది. బుధవారం మా ఇంటికి భోజనానికి రమ్మని అమ్మే పిలిచింది. ఆవిడ నావైపు చూస్తూ, “వస్తానండి హఫీజున్నీసా గారూ, తప్పకుండా” అంది.

మార్చి 25, బుధవారం

మధ్యాహ్నం పన్నెండున్నరకి వచ్చింది, పచ్చటి నేత చీరలో, సంచిలో అరకేజీ ఎండుమిర్చితో. నాన్న తన ఆటోలో బస్టాండు నుంచి తీసుకొచ్చాడు. దారిలో ఇద్దరూ మోకాళ్ళ నొప్పులకి ఏ నూనె మంచిదో తేల్చేసుకున్నారు.

అమ్మ మాంసం కూర, బగారా అన్నం చేసింది. చాప పరిచి అందరికీ వడ్డించింది. రత్తమ్మ గారు అన్నం వేళ్ళతో నలిపి, “మంచి బియ్యం. మన షాపుయ్యి కాదు” అంది.

అమ్మ మురిసిపోయింది. కూర గిన్నె చేతిలో పట్టుకుని అంది, “మా పిల్లకి సూపర్‌వైజర్ ఉద్యోగం పోయిందని నాకేం బాధ లేదండి. మీ ఉద్యోగం నిలబెట్టింది, అది చాలు. దీనికి చిన్నప్పటి నుంచీ అంతే, ఎవరికన్నా అన్యాయం జరిగితే ఓర్చుకోలేదు.”

రత్తమ్మ గారు తల ఎత్తలేదు. ఎముక మీద మాంసం జాగ్రత్తగా తీసుకుంటోంది. ఒక్క మాట అనొచ్చు. అనలేదు. నాన్న నీళ్ళు తాగుతున్నాడు. 

ఆవిడ అనదని నాకు అప్పుడు అర్థమైంది. నేను ఊరుకుంటే ఎప్పటికీ ఎవరూ అనరు.

“ఆవిడ ఉద్యోగం పోయింది నా వల్లేనమ్మా” అన్నాను. “ఆవిడ కూర్చుంటుందని నేనే రాసిచ్చాను. నేనూ పక్కనే కూర్చుని, నాది రాయకుండా ఆవిడది రాశాను. నందిగామ ఉద్యోగం కోసం.”

అమ్మ చేతిలో గరిటె గాలిలో ఆగిపోయింది. నన్ను చూసింది. రత్తమ్మ గారిని చూసింది. ఏమనాలో తెలియనప్పుడు అమ్మ పెదవులు లోపలికి మడుచుకుంటుంది. 

“నాకు తెలుసులెండమ్మా” అంది రత్తమ్మ గారు, పళ్ళెం కొంచెం ముందుకి జరుపుతూ. “ఆ మెడ ముక్క ఉంటే ఇంకోటి వెయ్యండి.”

అమ్మ ఆవిడ పళ్ళెంలో మెడ ముక్కలు రెండు వేసింది. నాన్నకి ఒకటి వేసింది. గిన్నె నా దాకా రాలేదు.

నేనే లేచి వేసుకున్నాను.